ఏడు గిన్నెల్లో ఏమి పెట్టాలి? వంటింటి ప్రశ్నలకు జవాబులు

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు వస్తున్న రోజులివి. గిర్నీల ముందు కారం పట్టించుకునేవాళ్లు వరుస కట్టారు. అందుకేనేమో, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పోపు డబ్బా సర్దుకోవడం గురించి, కారం, పసుపు దాచుకోవడం గురించే ఉన్నాయి. పరకాలలో మా నాన్నగారి కిరాణా దుకాణంలో దినుసులు జల్లెడ పడుతూ పెరిగినదాన్ని. ఈ ప్రశ్నలంటే నాకు ఎంతో ఇష్టం. పేర్లు వేయవద్దని కొందరు కోరారు కనుక అందరివీ ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను.

అక్కా, నాకు పెళ్లయి ఆరు నెలలవుతోంది. పెళ్లిలో ఏడు గిన్నెల స్టీలు పోపు డబ్బా పెట్టారు. ఉప్పు, కారం అందులోనే పెట్టుకొమ్మని అమ్మ అంటుంది. అత్తమ్మ అందులో గరం మసాలా, ధనియాల పొడి పోసింది. ఆవాలు, జీలకర్ర ఇంకా పొట్లాల్లోనే ఉన్నాయి. ఇద్దరినీ నొప్పించకుండా ఒక దారి చెప్పండి. (నర్సంపేట)

చెల్లెమ్మా, పోపు గరిటెలో నూనె కాగిన తరువాత నీ చేతిలో ఉండేది అర నిమిషం. ఆవాలు చిటపటలాడుతుండగా పప్పులు వేయాలి. అవి రంగు తిరుగుతుండగా జీలకర్ర, మెంతులు, ఎండు మిర్చి, చివరికి కరివేపాకు. ఈ వరుసలో ఎక్కడో ఒకచోట ఆగి పొట్లం ముడి విప్పుతూ ఉంటే అప్పటికే వేసినవి మాడిపోతాయి. మెంతులు మాడాయంటే గిన్నెడు పప్పూ చేదే. ఆ అర నిమిషంలో చేయి తడుముకోకుండా ఉండడానికే ఏడు గిన్నెలను ఒకే మూత కింద పెట్టారు. కాబట్టి కాగిన నూనెలో పడేవాటికే అందులో చోటు. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు నీ డబ్బాను ఈ లెక్కన చూడు. ఉప్పు, ధనియాల పొడి కూర ఉడుకుతుండగా వేస్తాము. గరం మసాలా దించేముందు చల్లుతాము. అప్పుడు సీసా మూత తిప్పడానికి కావలసినంత తీరిక ఉంటుంది. పైగా ఉప్పు వానకాలంలో తేమను పీల్చుకుని పక్క గిన్నెలను కూడా మెత్తబరుస్తుంది. కారం సంగతి వేరు. మన ఇళ్లలో కారాన్ని చిటికెలతో కాదు, చెంచాలతో వేస్తాము. అంత చిన్న గిన్నె రెండు మూడు రోజులకే ఖాళీ అవుతుంది. నింపిన ప్రతిసారీ దాని దుమారం జీలకర్ర మీద, పప్పుల మీద పడుతుంది. కాగిన నూనెలో నేరుగా పడితే క్షణంలో మాడుతుంది కూడా. అందుకే కారానికి పెద్ద చెంచా పట్టే విడి డబ్బా ఉండాలి.

మన వైపు ఇంటికి నేను చెప్పే ఏడు ఇవి: ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపపప్పు, శనగపప్పు, పసుపు, తుంచిన ఎండు మిర్చి. మీ ఇంట్లో పోపులో మినపపప్పు వేసే అలవాటు లేకపోతే ఆ గిన్నెలో వాము పెట్టుకో. వెల్లుల్లి, కరివేపాకు పచ్చివి, తేమ గలవి. వాటిని ఎంత అలవాటున్నా డబ్బాలోకి రానివ్వకు. సకినాలకు, సర్వపిండికి నువ్వులు వాడతాము కానీ గుప్పెళ్ల కొద్దీ వాడతాము కనుక వాటికీ వేరే డబ్బానే నయం. నువ్వుల్లో నూనె ఎక్కువ, గాలి తగిలితే ముక్క వాసన వస్తాయి.

నడి గిన్నెలో ఏమి పెట్టాలో చాలామంది ఆలోచించరు. దానికి చుట్టూ ఆరు గిన్నెలుంటాయి. అందులోంచి ఏది చిందినా ఆరింటిలో ఎక్కడైనా పడవచ్చు. పసుపు అక్కడ పెడితే వారం తిరిగేసరికి అన్నీ పచ్చబడతాయి. ఎండు మిర్చి పెడితే చిందిన ముక్కను వేళ్లతో తీసేయవచ్చు. పసుపును రెండు పప్పుల మధ్య పెట్టు. పప్పు మీద కాస్త పసుపు పడినా ఏ వంటకూ నష్టం లేదు. ఆవాలను, మెంతులను చేతివాటం ప్రకారం పెట్టుకో, కానీ పెట్టిన చోటు మార్చకు. నెల గడిస్తే చూడకుండానే చేయి అక్కడికి వెళుతుంది.

గిన్నెలను ముప్పాతిక వరకే నింపాలి. గిన్నెల మీద కూర్చునే లోమూత అంచులకు ఆనుకుని ఉంటేనే డబ్బా వంగినప్పుడు గింజలు కలవవు. తలకొట్టుగా నింపితే లోమూత లేచి నిలబడుతుంది, ఆవాలు అన్ని గిన్నెల్లోకీ ప్రయాణం కడతాయి. మామూలు డబ్బాలో గిన్నెకు ఇంచుమించు యాభై నుంచి వంద గ్రాములు పడతాయి. రెండు మూడు వారాలకు సరిపోయేంత పోసుకుని మిగతాది గట్టి మూత ఉన్న డబ్బాల్లో చీకటి అరలో పెట్టు. పాతది అడుగున ఉండగా కొత్తది పోయకు. గిన్నె ఖాళీ అయ్యాక కడిగి, ఎండలో పెట్టి, చెమ్మ పూర్తిగా పోయాకే నింపు.

అత్తమ్మ గరం మసాలాను తీసేసినట్టు కాకుండా చూడు. గాలి చొరని గాజు సీసాలో పోసి ఆమె కళ్ల ముందే అరలో పెట్టు. తెరిచిన గిన్నెలో మసాలా వాసన త్వరగా పోతుంది. సీసాలో అయితే నెలల తరబడి నిలుస్తుంది. ఆమె చేతి మసాలాకు అదే సరైన చోటని చెప్పు, అది నిజం కూడా. బగారా అన్నానికి వాడే లవంగాలు, యాలకులు, దాల్చిన చెక్క, షాజీరా, బిర్యానీ ఆకు కూడా కాగిన నూనెలో పడేవే కదా అని నువ్వు అడగవచ్చు. అడగాలి కూడా. కానీ అవి రోజూ వాడేవి కావు, ఒక్కొక్కదాని వాసనా ఘాటైనది. ఒకే మూత కింద మూతలేని గిన్నెల్లో పెడితే యాలకులు లవంగాల వాసన వేస్తాయి. వాటికి దేని మూత దానికే ఉండాలి.

నేను కాజీపేటలో రైల్వే ఉద్యోగిని. డ్యూటీలు పగలూ రాత్రీ మారుతుంటాయి, ఒక్కడినే వండుకుంటాను. దుకాణంలో అన్నీ కలిపిన పోపు గింజల పొట్లం దొరుకుతుంది. నాకు పోపు డబ్బా అవసరమా? (కాజీపేట)

అవసరమే తమ్ముడూ. కలిపిన పొట్లంలో అన్నీ ఒకేసారి నూనెలో పడతాయి. శనగపప్పు వేగేదాకా ఆగితే మెంతులు నల్లబడతాయి, మెంతుల కోసం ముందే దించితే పప్పు పచ్చిగా పంటికి తగులుతుంది. పొట్లం కట్టినవాళ్ల తప్పు కాదు, ఆ గింజలు ఒకేసారి వేగేవి కావు. ఐదు గిన్నెల చిన్న డబ్బా తెచ్చుకో. ఆవాలు, జీలకర్ర, శనగపప్పు, ఎండు మిర్చి, పసుపు చాలు. ఒక్కొక్కటి యాభై గ్రాములే కొను. కొనేటప్పుడు దుకాణంలోనే మూత పెట్టి డబ్బాను పక్కకు వంచి చూడు. లోమూత కదిలి గలగలమంటే మరొకటి అడుగు.

పోయిన వేసవిలో చపాటా, తేజ రకాల మిర్చి కలిపి ఎనిమిది కిలోల కారం పట్టించాము. గాజు సీసాల్లో పోసి కిటికీ పక్క గట్టు మీద పెట్టాము. వానలు వెళ్లేసరికి రంగు వెలిసిపోయింది. రంగు లేదని ఎక్కువ వేస్తే కూర నోట పెట్టలేకపోతున్నాము. మిర్చి మోసమా? (హనుమకొండ)

మిర్చిలో మోసమేమీ లేదమ్మా, కారం పెట్టిన చోటే దెబ్బతీసింది. ఎర్ర రంగు ఒక పదార్థం, ఘాటు వేరొక పదార్థం. రంగును ఇచ్చేది కాప్సాంథిన్. వెలుతురు, వేడి, గాలి తగిలితే అది తొందరగా చెడిపోతుంది. ఘాటును ఇచ్చే కాప్సైసిన్ మొండిది, అంత త్వరగా పోదు. అందుకే మీ కారం రంగు పోగొట్టుకుని ఘాటు నిలబెట్టుకుంది. రంగు చూసి వేస్తే ఘాటు రెండింతలు పడుతుంది. ఆ కారాన్ని పారేయకండి, బూజు వాసన లేకపోతే రుచి చూసి కొలతతో వాడుకోండి.

చపాటా మన వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి జిల్లాల పంట. లావుగా, పొట్టిగా టమాటా ఆకారంలో ఉంటుంది కనుక టమాటా మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, రంగు మాత్రం చిక్కటి ఎరుపు. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మా ఇంట్లో పండుగే చేసుకున్నాము, ఎందుకంటే ఈ మిర్చి లేని ఆవకాయ మేము ఎరుగము. సన్నగా, పొడుగ్గా ఉండే తేజ దీనికి పూర్తిగా ఎదురు, ఘాటు దాని ప్రాణం. కూరల కారానికి చపాటా రెండు పాళ్లు, తేజ ఒక పాలు కలపడం నాకు నచ్చిన లెక్క. పిల్లలున్న ఇంట్లో తేజను ఇంకా తగ్గించవచ్చు. పచ్చళ్లకు చపాటాను విడిగా పట్టించుకోండి. రంగుకు ఒకటి, ఘాటుకు ఒకటి రెండు డబ్బాలు ఉంటే కూరను బట్టి కలుపుకోవచ్చు.

ఈసారి పట్టించేటప్పుడు కొన్ని సంగతులు గమనించండి. మిర్చి కొన్నాక తొడిమలు వెంటనే తీయవద్దు. తొడిమ ఊడిన చోట చిల్లు పడి తేమ, పురుగు లోపలికి దారి చేసుకుంటాయి. గిర్నీకి వెళ్లే రోజు పొద్దున తీసి, మెత్తబడినవి, లోపల తెల్లటి, నల్లటి బూజు కనిపించేవి ఏరి పారేయండి. బూజు పట్టిన మిర్చిని ఎండబెట్టి వాడుకోవచ్చని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. కొన్ని రకాల బూజు నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎండకు పోదు, మామూలు వంట వేడికీ పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మిర్చి చేత్తో నలిపితే గలగలమని విరగాలి. గిర్నీలో మీకంటే ముందు ఏమి పట్టారో అడగండి. పసుపో, ధనియాలో పట్టిన వెంటనే మీ మిర్చి పోయనివ్వకండి, మొదట గుప్పెడు పట్టించి పక్కకు తీయమనండి. గిర్నీ నుంచి వచ్చిన కారం వేడిగా ఉంటుంది. అలాగే డబ్బాలో కుక్కితే ఆవిరి మూతకు పట్టి తిరిగి కారంలోకి దిగుతుంది. నీడలో శుభ్రమైన బట్ట మీద పరిచి పూర్తిగా చల్లార్చండి.

తరువాత నెలకు సరిపడా కారం వంటగది డబ్బాలో, మిగతాది జాడీల్లో గాలి మిగలకుండా నొక్కి గట్టిగా మూత బిగించి, పొయ్యికీ కిటికీకీ దూరంగా చీకటి మూలలో పెట్టండి. ఫ్రిజ్‌లో చోటుంటే అంతకంటే మంచిది లేదు. అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను వెంటనే తెరవకండి. గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే గాలిలోని చెమ్మ చల్లటి కారం మీద దిగుతుంది. గాజు సీసాలను నేను కాదనడం లేదు. వాటిని తలుపులున్న అరలో పెట్టండి.

మాకు పసుపు, ధనియాలు ఎప్పుడూ పురుగు పడుతున్నాయి. గోధుమ రంగు చిన్న పురుగులు. ఎండబెడుతున్నాము, మళ్లీ వస్తున్నాయి. (మెట్‌పల్లి)

ఎండకు పెద్ద పురుగు వెళ్లిపోతుంది కానీ గింజ లోపల పెట్టిన గుడ్లు చాలావరకు మిగులుతాయి. అందుకే మళ్లీ వస్తున్నాయి. పురుగు పట్టినదాన్ని ఉంచుకోకుండా పారేయండి. దాని పక్కన ఉన్న డబ్బాలన్నీ తెరిచి చూడండి, ఎందుకంటే ఈ పురుగు ఒక సీసాతో ఆగదు. పసుపు, ధనియాలు, మిర్చి, అల్లం పొడి అన్నీ దానికి ఇష్టమే. అరను ఖాళీ చేసి మూలల్లో, చెక్క పగుళ్లలో ఉన్న పొడి అంతా తుడిచి తీయండి. కొత్తగా తెచ్చినవాటిని గాలి చొరని సంచిలో కట్టి ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు పెట్టండి. మైనస్ పద్దెనిమిది డిగ్రీల చలికి గుడ్లు కూడా చస్తాయి. తీశాక ఒక పూట బయట ఉంచి అప్పుడు సంచి విప్పండి.

మెట్‌పల్లి, కోరుట్ల, ఆర్మూరు వైపు పసుపు పండే నేల మీద ఉండి పొట్లం పసుపు కొనవలసిన అవసరం మీకు లేదు. జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయాన్ని 2025లో నిజామాబాదులో తెరిచారంటే ఆ పంట వల్లే. ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టిన కొమ్ములను కొనండి. బాగా ఎండిన కొమ్మును విరిస్తే ఖంగున మోగి విరగాలి. వంగితే లోపల తేమ ఉన్నట్టు, పురుగుకు అది పిలుపు. కొమ్ముల రూపంలోనే నిలవ ఉంచి, మూడు నాలుగు నెలలకు సరిపడా మాత్రమే పట్టించుకోండి. ధనియాలకూ ఇదే వర్తిస్తుంది. పొడి అయిన మరుక్షణం నుంచి వాసన పోవడం మొదలవుతుంది, గింజగా ఉంటే ఏడాది దాకా ఢోకా లేదు. మీ ఇంటి రోట్లో ధనియాలు దంచుకునే ఓపిక ఉంటే వారానికోసారి చాలు.

అమ్మమ్మ కాలంనాటి బరువైన ఇత్తడి పోపు డబ్బా అటక మీద దొరికింది. లోపలి కళాయి పూత అక్కడక్కడా పోయింది. వాడవచ్చా? (జనగామ)

వాడాలి, అటక మీద ఉంచడం అన్యాయం. పెంబర్తి మీ పక్కనే ఉంది, ఇత్తడి రేకును మలచడంలో ఆ ఊరి చేతులకు ఎంత పేరుందో మీకు నేను చెప్పనక్కరలేదు. కానీ కళాయి పోయిన గిన్నెల్లో నేరుగా దినుసులు పోయకండి. ఇత్తడి రాగి, జింకు కలిసిన లోహం. పొడి గింజలు కొన్నాళ్లు ఏమీ చేయకపోయినా, వానకాలం చెమ్మకు, ఉప్పుకు, చింతపండుకు, తడి చేతికి ఇత్తడి పచ్చటి చిలుము పడుతుంది. ఆ చిలుము కడుపులోకి వెళ్లకూడదు.

కళాయి వేసేవారు మీ ఊళ్లో దొరికితే గిన్నెలన్నిటికీ కొత్తగా వేయించండి. వాళ్లు వాడేది తగరమేనా అని అడిగి తెలుసుకోండి. సీసం కలిసిన కళాయి వద్దు. నమ్మకమైనవాళ్లు దొరక్కపోతే సులువైన దారి ఉంది. ఇత్తడి డబ్బాను అలాగే ఉంచి, లోపలి ఇత్తడి గిన్నెల స్థానంలో అదే కొలత స్టీలు గిన్నెలు పెట్టుకోండి. స్టీలు సామాను దుకాణాల్లో గిన్నెలు విడిగా కూడా అమ్ముతారు. అమ్మమ్మ డబ్బాను వెంట తీసుకువెళ్లి కొలిచి చూసుకోండి. పైభాగాన్ని చింతపండుతో తోమి, వెంటనే కడిగి తుడవండి. కళాయి ఉన్న వైపు మాత్రం బూడిద, గరుకు పీచు తగలనివ్వకండి. గీతలు పడినచోటే కళాయి మొదట లేస్తుంది.

ఇంగువ ఎక్కడ పెట్టినా డబ్బా అంతా అదే వాసన. పోపులో పడేదే కదా, డబ్బాలో పెట్టకూడదా? (హనుమకొండ)

పెట్టకూడదు. ముందు చెప్పిన నియమానికి ఇది కూడా ఒక మినహాయింపు. ఇంగువ వాసన లోమూతను లెక్క చేయదు. చిన్న సీసాలో బిగించి, ఆ సీసాను మరో డబ్బాలో పెట్టి పొయ్యి దగ్గర చేతికందేలా ఉంచుకోండి. చిటికెడు తీయడానికి క్షణం చాలు. ఇంగువ చెట్టు వేరు నుంచి కారే పాలు గట్టిపడితే వచ్చేది ఇది. మనకు అఫ్గానిస్తాన్, ఇరాన్ వైపు నుంచి వస్తుంది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో 2020లోనే మొక్కలు నాటడం మొదలుపెట్టారు. ఇంట్లో ఎవరికైనా గోధుమ పడకపోతే పొట్లం మీద చదివి కొనండి, మనం వాడే ఇంగువలో చాలావరకు గోధుమ పిండి కలిసి ఉంటుంది.

విడిగా అమ్మే ఆవాల్లో వేరే గింజలు కలుస్తాయట. ఇంట్లో ఎలా గుర్తుపట్టాలి? (భూపాలపల్లి)

బ్రహ్మదండి అని పిలిచే కలుపు మొక్క ఉంది. ముళ్ల ఆకులు, పసుపు పూలు. బీడు భూముల్లో, దారుల పక్కన మీరు చూసే ఉంటారు. దాని గింజలు నల్లగా ఆవాల సైజులో ఉంటాయి. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని ఎంతోమంది కాళ్లు వాచి, గుండె దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలూ పోయాయి. కాబట్టి ఇది చాదస్తం అనుకోకండి.

తెల్లటి పళ్లెంలో ఒక చెంచా ఆవాలు పరచి పగటి వెలుతురులో చూడండి. ఆవగింజ గుండ్రంగా నున్నగా ఉంటుంది. బ్రహ్మదండి గింజ పైపొర గరుకుగా, గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. అనుమానం వస్తే గింజను చెంచా వెనుకతో నలపండి. ఆవగింజ లోపల పసుపు, ఇది తెలుపు. మా నాన్నగారు ప్రతి కొత్త బస్తాలోంచి గుప్పెడు తీసి పళ్లెంలో పోసి చూసిన తరువాతే తక్కెడ ముట్టేవారు. మీరూ కొత్త పొట్లం పోపు డబ్బాలో పోసేముందు ఆ పని చేయండి, నిమిషం పట్టదు.

మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. చూపు మందగించింది కానీ వంట తనే చేస్తానంటుంది. పోయిన వారం జీలకర్ర అనుకుని షాజీరా వేసింది, మెంతులు అనుకుని శనగపప్పు వేసింది. వంట మాన్పించమని అన్నయ్య అంటున్నాడు. అమ్మ బాధపడుతోంది. డబ్బాను ఎలా సర్దాలి? (ములుగు)

వంట మాన్పించవద్దు. డబ్బాను ఆమె వేళ్లకు తగినట్టు సర్దండి. దినుసులన్నీ చేతికి తెలిసేవే. ఆవాలు సన్నగా గుండ్రంగా జారుతాయి. మెంతి గింజ పలకలుగా, గట్టిగా, నడుమ గాడితో ఉంటుంది. శనగపప్పు పెద్దది, ఒకవైపు చదును. జీలకర్ర నిటారుగా గీతలతో ఉంటే షాజీరా సన్నగా వంకర తిరిగి ఉంటుంది. ఇన్నేళ్లు వండిన చేయికి ఈ తేడాలు తెలుసు, తడబడినది కన్ను మాత్రమే. షాజీరాను పోపు డబ్బాకు దూరంగా, వేరే ఆకారం ఉన్న సీసాలో పెట్టండి. అప్పుడు ఆ పొరపాటుకే చోటుండదు.

గుండ్రటి డబ్బాతో చిక్కు ఏమిటంటే, మూత తీసినప్పుడు ఏ గిన్నె ఎటువైపు ఉందో తెలియదు. డబ్బా బయటి అంచు మీద ఎం-సీల్ అనే గట్టిపడే అతుకు ముద్దతో వేలికి తగిలేలా చిన్న బొట్టు పెట్టి ఆరనివ్వండి. ఆ బొట్టు ఎప్పుడూ అమ్మ వైపు ఉండాలి. బొట్టు ఎదుట ఆవాలు, అక్కడి నుంచి కుడిగా పోపు పడే వరుసలోనే మినపపప్పు, శనగపప్పు, జీలకర్ర, మెంతులు, చివర పసుపు (ఇక్కడ పసుపును పప్పుల మధ్య పెట్టడం కంటే వరుసే ముఖ్యం). నడుమ ఎండు మిర్చి. ఆమెకు వేరే వరుస అలవాటుంటే నా వరుస వదిలేసి ఆమెదే ఉంచండి. పసుపు గిన్నెలో మాత్రమే చెంచా పెట్టండి. చెంచా తగిలితే అది పసుపు, తగలకపోతే గింజ. వేళ్లతో తీయడమే ఆమెకు మేలు, చేయి పొడిగా ఉండేలా పక్కన ఒక బట్ట ఉంచండి. కారం మాత్రం ఆ డబ్బాలో అసలు వద్దు, చేయి తడబడి కంట్లో పడితే మరింత ప్రమాదం.

ముందుగా నూనె కాచి తరువాత వెతకడం కాకుండా, పొయ్యి వెలిగించేముందే ఆ రోజు పోపుకు కావలసినవన్నీ చిన్న తెల్లటి పళ్లెంలో వేరువేరు కుప్పలుగా పెట్టుకోమనండి. తెలుపు మీద ఆవాలు, మెంతులు ఆమెకూ కొంత కనిపిస్తాయి. పొయ్యి మీదుగా వెలుతురు పడేలా ఒక దీపం బిగించండి. తన వెనుక దీపం ఉంటే తన నీడే డబ్బా మీద పడుతుంది. గిన్నెలు కడిగిన రోజు తిరిగి సర్దే పని ఆమెకే వదలండి. మీరో, వదినగారో సాయం చేయాలని వరుస మార్చారంటే ఆమె నేర్చుకున్నదంతా పోతుంది.

మీ అన్నయ్యకు చేయడానికి ఒక పని ఉంది. అమ్మను కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి శుక్లాల పరీక్ష చేయించమనండి. ఈ వయసులో చూపు తగ్గడానికి తరచుగా కనిపించే కారణం అదే, చిన్న ఆపరేషన్‌తో చాలామందికి చూపు తిరిగి వస్తుంది. కారణం మరేదైనా అయితే అది కూడా తొందరగా తెలియడమే మంచిది. ఈ నెలలోనే వెళ్లండి.